ఊరు పెట్టిన పేరు

మా ఆయన పేరు ఆంబ్రోస్ బెసమ్. ఆ పేరుతో ఆయన్ని పిలిచే మనిషి మార్బుల్‌హెడ్ మొత్తంలో ఒక్కతే, మా అత్త జెమైమా. మిగతా ఊరంతటికీ ఆయన డెన్నీ టూల్. నాకూ అంతే.

మా ఊళ్లో ఎవరికీ పెట్టిన పేరు నిలవదు. ఒకే ఇంటిపేరువాళ్లు వీధికి నాలుగిళ్లు, ఒకే పేరువాళ్లు పడవకి ముగ్గురు. పొగమంచులో తాడు లాగమని కేకేస్తే ఎవరు లాగాలి? అందుకని నడక వచ్చీ రాకముందే ప్రతివాడికీ ఏదో ఒక పేరు తగులుకుంటుంది, సమాధి దాకా వదలదు. మా అన్నయ్య ఫిలిప్ గర్డ్లర్‌ని వెన్నముద్ద అంటారు. చిన్నప్పుడు పక్కింటి వెన్నకుండలో చెయ్యి ఇరుక్కుని, ఆ కుండతోనే ఊరంతా తిరిగాడట. మా వీధి చివర పీపాలు చేసే ముసలాయన్ని పళ్లన్నీ గట్టిగా ఉన్న రోజుల్లోనే బోసినోరు అన్నారు. ఇప్పుడు నిజంగానే పళ్లు లేవు, కానీ ఎవరూ నవ్వరు. అది పాతబడిపోయింది.

డెన్నీ టూల్ అనేవాడు నిజంగా ఒకడుండేవాడు. ఐర్లండు నావికుడు. ఒక చలికాలం ఓడ మా రాళ్ల మీద పగిలితే ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ఎండలు వచ్చేదాకా ఊళ్లోనే ఉండి, తెరచాపలు కుట్టిపెట్టి, రమ్ము తాగి, పాటలు పాడి వెళ్లిపోయాడు. ఒక భుజం కిందికి వంచి, ఎదురుగాలికి నడుస్తున్నట్టు నడిచేవాడట. మా ఆయనకి అప్పుడు ఆరేడేళ్లు. వాడి వెనకాలే అలాగే భుజం వంచుకుని తిరిగేవాడు. చూసినవాళ్లు "అదుగో చిన్న డెన్నీ టూల్" అన్నారు. అసలువాడు వెళ్లిపోయాడు. పేరు మా ఆయనకి అతుక్కుని ఉండిపోయింది.

మా అత్తకి ఆ మాట వింటే ఒళ్లు మండేది. "నీళ్లు చల్లించి, దేవుడి ముందు మా నాన్న పేరు పెట్టుకున్నాను. తాగుబోతు వాడి పేరు నా కొడుక్కెందుకే?" అనేది. పెళ్లయిన కొత్తలో నేనొకసారి పొరపాటున "డెన్నీ వచ్చాడా అత్తా?" అని అడిగాను.

"ఆ పేరుగలవాళ్లు ఈ ఇంట్లో లేరమ్మా. తలుపు తప్పి వచ్చావేమో చూసుకో" అంది.

ఆయన లోపల చెప్పులు విప్పుకుంటూ కిసుక్కున నవ్వడం నాకు వినబడింది.

ఆయన గురించి చెప్పుకోవడానికి గొప్ప సంగతులేమీ లేవు. తండ్రి ఉత్తరాన న్యూఫౌండ్లాండు దగ్గర సముద్రం లోతు తక్కువుండే మెరక మీద కాడ్ చేపల వేటకి వెళ్లి, పడవతో సహా తిరిగి రాలేదు. అత్త ఒడ్డున తడికల మీద ఎండేసిన ఊళ్లోవాళ్ల చేపలు తిరగేసి, వాన మబ్బు పడితే పరిగెత్తి కుప్పవేసి కప్పి, కూలి డబ్బులతో కొడుకుని పెంచింది. ఆయన కూడా ఆ మెరకకే వెళ్లాడు. ఇక్కడ పుట్టిన మగవాడికి వేరే దారి లేదు. మాట నెమ్మది. ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోగలడు. మొక్కజొన్న జావలో బెల్లంపాకం పోసుకుని గిన్నె నాకేవాడు. ఒకసారి గాలం ఎగిరి బుగ్గ చీరుకుపోతే తన చేత్తోనే కుట్టుకున్నాడు. కుట్టు వంకర పోయి, నవ్వినప్పుడు ఒక వైపే నవ్వినట్టుండేది. పరదేశపు రేవులంటే ఆశ లేదు. "ఉత్తరాన మెరక, దక్షిణాన నా గడప. ఈ రెండిటి మధ్యా దారి తెలుసు, చాల్లే" అనేవాడు.

ఆ దారి ఆయన తప్పలేదు. తప్పించారు.

మేము పెళ్లి చేసుకున్న రోజులనుంచే రాజుగారి ఓడల మాట ఊళ్లో వినబడుతూ ఉండేది. ఇంగ్లండు రాజుకీ ఫ్రాన్సుకీ యుద్ధం. రాజుకి ఓడలు ఎక్కువ, మనుషులు తక్కువ. నడిసముద్రంలో మన ఓడని ఆపి, వీడు మావాడు, వాడు మావాడు అని కుర్రవాళ్లని ఏరుకుపోయేవాళ్లు. మీవాళ్లం కాదని చూపించుకోవడానికి ప్రతివాడూ పుట్టిన ఊరు, ఎత్తు, మచ్చలు రాయించిన ఒక కాగితం జేబులో పెట్టుకు తిరిగేవాడు. చేపల పడవల జోలికి వాళ్లు పెద్దగా రారు కాబట్టి, మా ఆయన కాగితం పెట్టె అడుగున ఉన్నిబట్టల మధ్య ఉండేది.

ఆ రాజు మెడ వంచాలని మా అమెరికా అధ్యక్షుడికి ఒక ఆలోచన వచ్చింది. మన ఓడ ఒక్కటీ పైదేశానికి వెళ్లకూడదన్నాడు. మన సరుకు లేక వాళ్లు ఆకలితో దారికొస్తారట. వాళ్లు వచ్చారో లేదో నాకు తెలియదు. మా రేవులో ఓడలకి తెరచాపలు విప్పేసి, అవి కట్టే నిలువు కొయ్యలు వానకి కుళ్లకుండా వాటి నెత్తిన తారు పీపాలు బోర్లించారు. "అధ్యక్షుడు గారు మనకిచ్చిన నిద్రటోపీలు" అని బోసినోరు ముసలాయన అంటే మొదట్లో అందరూ నవ్వారు. ఆరబెట్టిన చేప కొట్లలో కప్పు దాకా పేరుకుపోయింది. స్పెయినువాడు తినేది, పోర్చుగలువాడు తినేది, చక్కెర దీవుల్లో బానిసలు తినేది, అంతా మేమే తిన్నాం. పొద్దున అదే, రాత్రి అదే. కట్టెలు లేవు. వీధిలో పెద్ద కళాయి పెట్టి పేదలకి జావ పోస్తుంటే, అత్త మొహం చాటేసుకుని గిన్నె పట్టుకెళ్లేది. ఆ చలికాలమే మా పాప పోయింది. దాని గురించి ఇక్కడ రాయను.

నిషేధం ఎత్తేశాక కూడా చేపల వేటకి సామాను కొనే శక్తి పడవల యజమానులకి లేకపోయింది. అప్పుడు మా అన్నయ్య వచ్చాడు. అన్నయ్య ఓడపని బాగా తెలిసినవాడు. లిస్బన్‌కి చేప పట్టుకెళ్లే ఓడలో కెప్టెను తరవాతి మనిషిగా పని దొరికింది.

"నువ్వూ రా బావా. నెలజీతం ఇస్తారు. చేప పడిందా లేదా అని నీళ్లవైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు" అన్నాడు.

"నాకు ఆ దారి తెలీదు బావా."

"దారి కెప్టెనుకి తెలుసులే. నువ్వు తాడు లాగు చాలు."

"అక్కడ ఎండ ఎక్కువట."

"ఎండకి భయపడే మగాణ్ణి నిన్నే చూశాను. గొడుగు పట్టిస్తాను, రా."

ఆయన నావైపు చూశాడు. నేను పొయ్యివైపు చూశాను. పొయ్యిలో ఏమీ లేదు. అత్త పెట్టె అడుగునించి కాగితం తీసి, మడతలు సాపుచేసి, ఆయన చొక్కా లోపలి జేబులో పెట్టి దారంతో కుట్టేసింది. "ఎవడైనా అడిగితే కుట్టు తెంపి చూపించు, ఆంబ్రోస్" అంది.

ఆ ఓడ తిరిగొచ్చింది. అన్నయ్య ఒక్కడే మా గుమ్మంలోకి వచ్చాడు. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"లిస్బన్ ఇంకో రోజు దూరంలో ఉందనగా రాజుగారి యుద్ధనౌక ఒకటి అడ్డం వచ్చిందత్తా. ఫిరంగి పేల్చి ఆపారు. చిన్న ఆఫీసరు ఒకడు, ఇరవై ఏళ్లుంటాయేమో, పడవ వేసుకుని మా ఓడెక్కాడు. అందర్నీ వరసన నిలబెట్టమన్నాడు. బావ కొయ్య మీద ఉన్నాడు, పైన, తెరచాప కడుతూ. నేను కేకేశాను."

"ఏమని కేకేశావు?" అంది అత్త.

"చెప్పొద్దన్నాడు. పట్టుకుపోయేటప్పుడు బావ నాతో అన్న మాట అదొక్కటే. ఏ పేరుతో పట్టుకుపోయారో అమ్మకి చెప్పకు అని. చెప్పకుండా నేనెలా ఉండనత్తా? 'డెన్నీ టూల్, దిగిరా, కాగితం చూపించు' అన్నాను. ఇరవై ఏళ్లనించీ అలాగేగా పిలుస్తున్నాను. నోరు అదే అంది."

ఆఫీసరు చెవులు నిక్కించాడట. టూల్ అంటే ఐర్లండు పేరు. ఐర్లండువాడంటే రాజుగారి మనిషి. కుట్టు తెంపి ఇచ్చిన కాగితం చూశాడు. ఆంబ్రోస్ బెసమ్ అని ఉంది. ఎత్తు సరిపోయింది. బుగ్గమీద మచ్చ సరిపోయింది. "ఎంతకి కొన్నావు టూల్, ఈ కాగితం? రేవుల్లో డాలరుకొకటి అమ్ముతున్నారని విన్నాను" అన్నాడట.

"అది ఊళ్లో పిలిచే పేరు దొరా అని నేను మొత్తుకున్నాను. మా ఊళ్లో అందరికీ రెండేసి పేర్లు అన్నాను. 'మరి నీ పేరేంటి?' అన్నాడు. ఫిలిప్ గర్డ్లర్ అన్నాను. వెనకనించి మనవాడొకడు సాయం చేద్దామని, 'ఆయన్ని మేం వెన్నముద్ద అంటాం దొరా' అన్నాడు. వాళ్ల పడవవాళ్లు పడీ పడీ నవ్వారు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. ఓడ మొత్తానికి రెండేసి పేర్లున్నాయంటే మీరు దొంగలైనా కావాలి, అబద్ధాలకోరులైనా కావాలి అన్నాడు. కాగితం నీళ్లలో పడేశాడు."

అత్త తిట్టలేదు. తిడితే బాగుండేదని అన్నయ్య తరవాత నాతో అన్నాడు. లేచి వెళ్లి తలుపు తీసి పట్టుకుంది, అంతే. అన్నయ్య బయటికి నడిచాడు. "వాడికి పేరు పెట్టింది నేను. చెడగొట్టింది ఊరు. ఆ ఊరి తరపున పిలిచింది నువ్వు" అని అతని వీపుతో చెప్పింది. ఆ తరవాత చాలా కాలం అన్నయ్య మా ఇంటికి వస్తే పెరటి గుమ్మం దగ్గరే నిలబడి, కట్టెలు దింపి వెళ్లిపోయేవాడు.

ఆయన్ని విడిపించుకోవాలి. అప్పటినుంచి మా ఇంట్లో ఇంకో పని లేదు. చేపలు తిరగేసినా, మేజోళ్లు అల్లినా, ఆ పనికి ఖర్చు పెట్టడానికే. పాస్టరుగారు చర్చి పుస్తకంలోనుంచి బాప్తిస్మం తేదీ రాసిచ్చారు. లండనులో మన దేశం తరపున ఒకాయన ఉంటాడట, ఇలాంటివాళ్లని అడిగి విడిపించడమే ఆయన పని. ఊరి న్యాయాధికారి ముద్ర వేసి ఆయనకి పంపించారు. ఏడాది దాటాక జవాబు వచ్చింది. మీరు చెప్పిన ఓడలో ఆంబ్రోస్ బెసమ్ అనే మనిషి లేడు అని.

"చచ్చిపోయాడంటావా?" అన్నాను అత్తతో.

"లేడు అన్నారు. పోయాడు అన్లేదు కదా" అంది. కానీ ఆ రోజు చేపముక్క నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయి కూర్చుంది.

ఆ ఆకురాలే కాలంలో పొరుగూరు బెవర్లీ మనిషి ఒకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆసా ఓబర్ అని, ఎండిపోయిన బక్కమనిషి. ఆయన్నీ రాజుగారి ఓడలోకే పట్టుకుపోయారు. కాగితాలు సరిగ్గా ఉండి, అడిగేవాళ్లుండి, విడిచిపెట్టారు. పాలుపోసి కాచిన చేపల పులుసు గిన్నెతో పెడితే, ఎవరో లాక్కుంటారన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని తిన్నాడు.

"మీవాడూ నేనూ ఒకే బల్ల దగ్గర తినేవాళ్లం అక్కా. అక్కడ వాడు డెన్నీ టూలే. పుస్తకంలో అలాగే ఎక్కించారు. మొదట్లో ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు కాదు. ఇక్కడ జీవితమంతా పలికినవాడు అక్కడ పలకనన్నాడు, చూడండి. పలకనప్పుడల్లా తాడుతో కొట్టేవాళ్లు."

"ఇప్పుడు?" అంది అత్త.

ఆసా ఓబర్ గిన్నెలోకి చూశాడు. "ఇప్పుడు పలుకుతున్నాడమ్మా. ఎవరైనా పలుకుతారు. రాజుగారి చేరిక డబ్బు మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఇష్టపడి చేరినట్టే లెక్క. తన పెట్టె మీద పెట్టిపోతే తన్నేశాడు. ఒకటే చెప్పమన్నాడు. టూల్ అనే పేరు మీద అడగమని."

అదేమంత తేలిక కాదని న్యాయాధికారి చెప్పాడు. "టూల్ అనే పేరు చర్చి పుస్తకంలో లేదు, బెసమ్ అనే పేరు ఓడ పుస్తకంలో లేదు. ఈ ఇద్దరూ ఒకడేనని ఊరు ప్రమాణం చెయ్యాలమ్మా. ఎంతమంది చేస్తే అంత బలం."

ఊరు వచ్చింది. ఎముకలు కొరికే చలిలో మగవాళ్లు, ఆడవాళ్లు న్యాయాధికారి గుమ్మం ముందు వీధి మలుపు దాకా నిలబడ్డారు. రాతగాడు బైబిలు ముందుకు జరిపి మొదటాయన్ని అడిగాడు, "నీ పేరు?"

"కాకిగూడు."

"అసలు పేరయ్యా."

ఆయన వెనక్కి తిరిగి పెళ్లాన్ని అడిగాడు, "ఏమే, నా పేరేంటి?"

"థామసో, శామ్యూలో. పెళ్లినాడు పాస్టరుగారు చెప్పారు కానీ నాకు ఏడుపులో వినబడలేదు" అంది ఆవిడ.

వరస మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. పాప పోయాక నవ్వడం అదే మొదలు. న్యాయాధికారి తల పట్టుకుని, "లండనులో మనల్ని మనుషులనుకోరు" అన్నాడు. అయినా రాయించాడు. బోసినోరు ముసలాయన, తనెందుకు ప్రమాణం చెయ్యగలడో చెప్తూ, అసలు ఐర్లండువాడికీ నకలువాడికీ నడకలో తేడా గదిలో నడిచి చూపించాడు.

మా అన్నయ్య వంతు వచ్చింది. "ఫిలిప్ గర్డ్లర్, వెన్నముద్ద అనబడేవాణ్ణి" అని చెప్పి, బైబిలు మీద చెయ్యి పెట్టి, ఏడుస్తూనే జరిగింది జరిగినట్టు చెప్పాడు.

అందరికన్నా చివర మా అత్త. ఆంబ్రోస్ బెసమ్ నా కడుపున పుట్టాడు అని తొణక్కుండా చెప్పింది. "డెన్నీ టూల్ అని కూడా చెప్పాలమ్మా" అన్నాడు రాతగాడు. పెదవులు తడుపుకుంది. మంచినీళ్లు కావాలా అని అడిగారు. అక్కర్లేదంది. తరవాత నేలవైపు చూసి ఆ పేరు చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు దారిలో అన్నయ్య వెనకాల ఎడంగా నడుస్తుంటే, "ముందుకొచ్చి నడు. కుక్కలా ఆ వెనకబడడం ఏంటి?" అంది.

వసంతం మొదట్లో అన్నయ్య ఆ కాగితాల కట్టని బోస్టన్ తీసుకెళ్లి, లివర్‌పూల్ వెళ్లే ఓడ కెప్టెను చేతిలో పెట్టాడు. ఓడ రేవు దాటి బయటి దీవుల దగ్గర గాలికోసం లంగరు వేసి ఉంది. గాలి తూర్పునించే వీస్తోంది. రోజూ తూర్పునించే. ఓడ వెళ్లాల్సిందీ తూర్పుకే. ఇంతలో మళ్లీ నిషేధం వచ్చింది. ఇంగ్లండుతో తాడో పేడో తేల్చుకునే ముందు మన ఓడలు పైసముద్రంలో చిక్కుకోకూడదని, ఉన్నవి ఉన్నచోటే ఆగిపోవాలన్నారు. ఆ ఓడని వెనక్కి రేవులోకి లాగేశారు.

"ఎండాకాలం నడిమికి ఎత్తేస్తారట. అప్పటిదాకా కాగితాలు కెప్టెను దగ్గరే ఉంటాయి. ఇంతకాలం ఆగాం, ఇంకో మూడు నెలలు ఆగలేమా?" అన్నాడు అన్నయ్య.

"తూర్పుగాలికి కూడా మన మీద కోపమే" అంది అత్త. ఆమె వాకిట్లో నిలబడి తడిపిన వేలు పైకెత్తి గాలి చూసుకోవడం అప్పటినుంచి అలవాటు చేసుకుంది. ఓడ కట్టేసి ఉన్నప్పుడు గాలి ఎటు వీస్తే ఏమిటని నేను అనలేదు.

జూన్‌లో చర్చి గంటలు మోగాయి, ఇంగ్లండు మీద మనం యుద్ధం ప్రకటించామని. తడికల మీద చేపలు తిరగేస్తున్నవాళ్లం అవే చేతులతో వీధిలోకి పరిగెత్తాం. డప్పులు కొడుతున్నారు. పొరుగూళ్లలో సంతోషం లేదట, వ్యాపారాలు పోతాయని తిట్టుకున్నారట. మా ఊరు మాత్రం పండగ చేసుకుంది. ఇన్నేళ్లు బిడ్డల్ని పోగొట్టుకున్న ఊరు, చేపలు తిని తిని విసిగిన ఊరు. కాకిగూడు రమ్ము పీపా బయటికి దొర్లించాడు. కోటు వేసుకున్న ఊరి కమిటీ పెద్దమనిషి ఒకాయన జనాన్ని తోసుకుంటూ వచ్చి మా అత్త చెయ్యి పట్టుకున్నాడు.

"మీ అబ్బాయిలాంటివాళ్ల కోసమేనమ్మా ఈ యుద్ధం. ఒక్కొక్కణ్ణీ విడిపించుకొస్తాం."

"మేం అడిగామా బాబూ?" అంది అత్త.

"అదేంటమ్మా?"

"కాగితం పంపమని అడిగాం. ఓడ కదలనివ్వమని అడిగాం. ఇది అడగలేదు."

ఆయన ముసలావిడకి మతి చలించిందనుకుని నావైపు జాలిగా చూసి ముందుకెళ్లిపోయాడు. ఇక లండనులో మన మనిషి అనేవాడు ఉండడు. ఉత్తరం తీసుకెళ్లే ఓడ ఉండదు. అడిగేవాడూ లేడు, వినేవాడూ లేడు. వారం తిరక్కుండా ఊరి ప్రమాణాల కట్ట బోస్టన్‌నుంచి వెనక్కి వచ్చింది. విప్పకుండానే అత్త దాన్ని బల్ల మీద పెట్టింది. చాలా రోజులు దాన్ని పక్కకి జరిపి భోజనం చేశాం.

అన్నయ్య మన ప్రభుత్వ యుద్ధనౌకలో చేరాడు. చేరేముందు వీధి గుమ్మంలోనుంచే లోపలికి వచ్చాడు. "నా నోటితో పోయాడు, నా చేత్తో తెస్తానత్తా. మనవాళ్లని తీసుకుపోయిన వాళ్ల ఓడల్ని పట్టుకుంటే, వాళ్లని విడిపించినట్టే కదా. యుద్ధం వచ్చిందని తెలియగానే మనవాళ్లని పక్కకి తీసి జైల్లో పెడతారట. జైలైనా నయం, ప్రాణం ఉంటుంది."

"ఉంటే తీసుకురా" అంది అత్త. రొట్టె కట్టి ఇచ్చింది.

అన్నయ్య అన్నది అబద్ధం కాదు. ఆకులు రాలుతుండగా, ఖైదీల మార్పిడిలో ఒడ్డుకు చేరిన పొరుగు రేవు గ్లౌస్టర్ మనిషి ఒకడు ఆ సంగతే చెప్పాడు. అతను మా ఆయన ఉన్న ఓడలోనే ఉండేవాడు. యుద్ధం వచ్చిందని తెలిశాక, పట్టుకొచ్చిన అమెరికావాళ్లందరూ కలిసి కెప్టెను ముందుకి వెళ్లి, మా సొంతవాళ్ల మీద ఫిరంగి పేల్చం, మమ్మల్ని ఖైదు చెయ్యండి అన్నారట. కెప్టెను పుస్తకం తెప్పించి పేర్లు చదివాడు. చదివినవాళ్లని ఒకవైపు నిలబెట్టి కిందికి పంపాడు.

"మా ఆయన్ని?" అన్నాను.

"డెన్నీ పేరు దగ్గర ఐర్లండు అని ఉందమ్మా. ఐర్లండువాడికి ఖైదు లేదు. రాజుగారి మనిషి రాజుగారి శత్రువుని కొట్టనంటే తిరుగుబాటు కింద లెక్క. ఉరి తీస్తారు. నా పేరు ఆంబ్రోస్ బెసమ్ అని అరిచాడు. ముందే చెప్పాల్సింది అన్నాడు కెప్టెను. ముందే చెప్పాడని మాకు తెలుసు. ఫిరంగి దగ్గరికి పంపించారు. వెళ్లాడు. చెప్పకూడదేమో. కానీ నేను దిగేటప్పటికి వెళ్లాడు."

అత్త అతనికి తిండి పెట్టడం మర్చిపోయింది. నేనే పెట్టాను.

ఆ తరవాత ఊళ్లో గంటలు ఇంకోసారి మోగాయి. మనవాళ్లు ఇంగ్లండు యుద్ధనౌకని పట్టుకున్నారట, కొయ్యలన్నీ విరిచేశారట. పిల్లలు డబ్బాలు కొట్టుకుంటూ వీధుల్లో తిరిగారు. అత్త తలుపు వేసుకుంది. పండగైనా, చావైనా మా ఇంట్లో తలుపు వెయ్యడం నేను చూడలేదు. గెలిచిన ఓడలోనే మా అన్నయ్య ఉన్నాడు.

మంచు మొదలయ్యాక సెలవు మీద వచ్చాడు. కనుబొమలు కాలిపోయి మొహం బోసిగా ఉంది. చక్కెర దిమ్మ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను పులుసు వడ్డించాను. తింటూ ఉండగా గ్లౌస్టర్ మనిషి చెప్పింది చెప్పాను. చెప్పకుండా ఉండడం నావల్ల కాలేదు.

"ఫిరంగి దగ్గరా?" అన్నాడు. "మనవాళ్లని కిందికి పంపేస్తారనే కదా మాకు చెప్పారు. కింద ఉంటారులే అనుకునే మేం..."

"ఐర్లండువాడు కదా అన్నయ్యా, వాళ్ల లెక్కలో."

చెంచా కింద పెట్టేశాడు. అత్త ఎదురుగా కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మీరు పట్టుకున్న ఓడ వాడిదేనా?"

"పేరు అది కాదత్తా. కానీ వాళ్లు మనుషుల్ని ఓ ఓడనించి ఇంకో ఓడకి మారుస్తుంటారు."

"నువ్వు ఆ ఓడ ఎక్కావా?"

"గాయపడ్డవాళ్లని దింపడానికి పంపారు. ఎక్కాను. కింద గదుల్లోకి వంగి డెన్నీ అని పిలిచాను. ఆంబ్రోస్ అని కూడా పిలిచాను. ఎవడో నీళ్లడిగాడు. బావ గొంతు కాదు."

"మీరు ఎక్కకముందు సముద్రంలో వేసినవాళ్లుంటారు కదా?"

"ఉంటారు. వేసేశారు, మేం వెళ్లేసరికే."

"మొహాలు చూడలేదు."

"పొగలో కొట్టుకున్నామత్తా. ఎవరి మొహం ఎవరు చూశారు?"

పులుసు చల్లారిపోయింది. అత్త లేచి చక్కెర దిమ్మని బట్టలో చుట్టి, తీసుకెళ్లి అతని సంచిలోనే పెట్టేసింది. కోపంతో కాదు, మా ఇంట్లో దానితో పని లేదన్నట్టు.

అన్నయ్య మళ్లీ వెళ్లడేమో అనుకున్నాను. సెలవు అవగానే వచ్చి, సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మంచు పడుతోంది.

"ఈసారి నన్నేం చెయ్యమంటావే తబితా?" అన్నాడు.

అవతలి ఫిరంగి దగ్గర ఆయనుంటే, గట్టిగా కొట్టమని నేనెలా చెప్పను? మెల్లగా కొట్టమని ఎలా చెప్పను? ఓడిపోతే ఇతనూ రాడు. అత్త లోపల రాత్రికి చేప నానబెడుతోంది. నీళ్ల చప్పుడు ఆగింది. నేనేం చెప్తానో అని ఆమె కూడా వింటోంది.

"చలిగా ఉంది, చెవులు కప్పుకో" అన్నాను.

కప్పుకున్నాడు. లోపల నీళ్ల చప్పుడు మళ్లీ మొదలైంది.